ఆర్థికాభివృద్ధి, పర్యావరణం: తరచుగా అడిగే ప్రశ్నలు

నేను ఎకనామిక్స్ చెబుతానని తెలిస్తే చాలు, క్లాసులో పిల్లల దగ్గర్నుంచి పెళ్లి భోజనాల్లో పక్కన కూర్చున్న పెద్దాయన దాకా అందరూ ఇవే అడుగుతారు. ఎక్కువసార్లు వచ్చిన ప్రశ్నలు ఒకచోట పెట్టాను. కొన్నింటికి జవాబు పెద్దది, కొన్నింటికి రెండు ముక్కలు చాలు.

దేశం బాగుపడితే పర్యావరణం బాగుపడుతుందా, పాడవుతుందా?

పర్యావరణం అంటే ఏది అని నేను ఎదురు ప్రశ్న వేస్తాను. మా ఇంటినే తీసుకోండి. నా చిన్నప్పుడు అమ్మ కట్టెల పొయ్యి ముందు కూర్చుని ఊదుగొట్టంతో ఊదుతుంటే వంటిల్లంతా పొగ. గోడ నిండా మసి, అమ్మ కళ్ల నిండా నీళ్లు. గ్యాసు వచ్చాక ఆ పొగ ఇంట్లోంచి పోయింది. తర్వాత స్కూటరు కొన్నాం, పొగ వీధిలోకి వెళ్లింది. ఇప్పుడు రెండు ఏసీలున్నాయి. ఇంట్లో మసి లేదు, వీధికి మేం చేసే చెరుపూ పెద్దగా కనిపించదు. కానీ ఆ కరెంటు కోసం రామగుండంలోనో పాల్వంచలోనో బొగ్గు మండుతూనే ఉంది.

దేశాల కథా దాదాపు ఇంతే. డబ్బు వచ్చేకొద్దీ దగ్గరి మురికి ముందు తగ్గుతుంది, ఊరి మురికి పెరిగి తర్వాత తగ్గుతుంది, ఎవరి గుమ్మంలోనూ కనపడని మురికి పెరుగుతూ పోతుంది. ఈ మూడింటినీ కలిపేసి మాట్లాడితే వాదన ఎప్పటికీ తెగదు.

కుజ్నెట్స్ వక్రరేఖ అంటే ఏమిటి? ఆ కుజ్నెట్స్ ఎవరు?

అడ్డంగా తలసరి ఆదాయం, నిలువుగా కాలుష్యం పెట్టి గీత గీస్తే, మొదట పైకెక్కి, ఒక చోట మలుపు తిరిగి, కిందికి దిగుతుందన్నది ఊహ. బోర్లించిన మూకుడు ఆకారం అనుకోండి.

తమాషా ఏమిటంటే, సైమన్ కుజ్నెట్స్‌కు ఈ గీతతో సంబంధమే లేదు. ఆయన 1955లో రాసింది ఆదాయ అసమానతల గురించి: దేశం ఎదిగేటప్పుడు అసమానత పెరిగి, తర్వాత తగ్గవచ్చని. 1971లో నోబెల్ వచ్చింది, 1985లో కన్నుమూశారు. 1991లో జీన్ గ్రాస్‌మన్, అలన్ క్రూగర్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు, ఉత్తర అమెరికా స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం వల్ల మెక్సికోలో కాలుష్యం పెరుగుతుందా అని లెక్కలు వేస్తూ, 42 దేశాల నగరాల్లో, బొగ్గు పొగలో ఉండే సల్ఫర్ డయాక్సైడ్ అనే వాయువు కొలతలు చూశారు. అక్కడ ఈ బోర్లించిన ఆకారం కనిపించింది. 1992లో ప్రపంచ బ్యాంకు వార్షిక నివేదిక దాన్ని ఊరూరా తెలిసేలా చేసింది. 1993లో పనయోటు అనే ఆయన కుజ్నెట్స్ పేరు తగిలించారు. జాతీయాదాయాన్ని చూసి జనం బాగోగులు చెప్పలేమని 1934లోనే అమెరికా కాంగ్రెస్‌కు రాసిచ్చిన మనిషి పేరు, చివరికి ఆదాయం పెరిగితే అన్నీ సర్దుకుంటాయనే గీతకు అతుక్కుంది.

కాలుష్యం పెరిగి మళ్లీ తగ్గడానికి కారణం ఏమిటి?

మూడు కారణాలు చెబుతారు. ఊళ్లో ఒక బాయిల్డ్ రైస్ మిల్లు ఉందనుకోండి. ఊక బూడిద గాలికి లేచి డాబాల మీద ఆరేసిన వడియాల మీద పడుతుంది. మిల్లులు రెండైతే బూడిద రెండింతలు. ఇది పరిమాణం. కొన్నేళ్లకు మిల్లు మూతపడి ఆ స్థలంలో ఆఫీసులు వెలిస్తే ఊరి ఆదాయం పెరిగినా బూడిద ఉండదు. ఇది కూర్పు. మిల్లు అక్కడే ఉండి, పొగగొట్టానికి బూడిద పట్టే యంత్రం బిగిస్తే అది సాంకేతికత. మొదటిది కాలుష్యాన్ని పెంచుతుంది, మిగతా రెండూ తగ్గించగలవు. వీటిలో ఏది గెలిస్తే గీత అటు పోతుంది.

ఇందులో ఒక మెలిక ఉంది. మిల్లు మూతపడింది సరే, మరి ఊరివాళ్లు అన్నం మానేశారా? బియ్యం ఇంకో ఊరి నుంచి వస్తున్నాయి, బూడిద ఆ ఊళ్లో పడుతోంది. ఈ సంగతి మళ్లీ వస్తుంది, గుర్తుంచుకోండి.

అన్ని కాలుష్యాలకూ ఇదే గీతా?

కాదు. తాగునీరు, మరుగుదొడ్లు, వంటింటి పొగ లాంటివి ఆదాయంతో పాటు నేరుగా మెరుగవుతాయి, వీటికి మూకుడు లేదు. అయినా ఇక్కడ కూడా ఆదాయం ఒక్కటే పని చేయలేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లో దీపం పథకం కింద డ్వాక్రా మహిళలకు గ్యాసు కనెక్షన్లు ఇచ్చారు. 2016లో కేంద్ర ప్రభుత్వ ఉజ్వల గ్యాసు పథకం వచ్చింది. ఆ ఇళ్లు ధనవంతమయ్యేదాకా ఎవరూ ఆగలేదు.

సల్ఫర్ డయాక్సైడ్, పొగలోని నలుసులు, నదుల్లో కలిసే కొన్ని వ్యర్థాలు పెరిగి తగ్గిన దాఖలాలు చాలా దేశాల్లో ఉన్నాయి. చెత్త, కార్బన్ డయాక్సైడ్ మాత్రం చాలాచోట్ల ఆదాయంతో పాటే పెరుగుతాయి. తలసరి కార్బన్ డయాక్సైడ్ భారత్‌లో ఏడాదికి సుమారు 2 టన్నులు, చైనాలో 8 టన్నుల పైమాట, అమెరికాలో 14 టన్నుల దాకా.

తేడా ఎక్కడుందో చూడండి. దగ్గు తెప్పించేదాని మీద జనం గోల చేస్తారు. దగ్గు తెప్పించనిదాని గురించి గోల చేసేవాళ్లు తక్కువ.

ఎంత ఆదాయం వస్తే మలుపు తిరుగుతుంది?

పోటీ పరీక్షలు రాసే పిల్లలకు ఈ ప్రశ్న మీద మోజెక్కువ. గ్రాస్‌మన్, క్రూగర్ 1995లో ప్రచురించిన వ్యాసంలో, చాలా కాలుష్యాలకు తలసరి ఆదాయం 8,000 డాలర్లకు చేరేలోపే మలుపు వస్తుందన్నారు. అవి 1985 నాటి డాలర్లు. తర్వాత అవే కొలతల్ని సరిదిద్ది, కొత్త ఏళ్లూ కొత్త నగరాలూ కలిపి 2002లో హార్బా, లెవిన్‌సన్, విల్సన్ మళ్లీ లెక్క వేస్తే గీత ఆకారమే నిలవలేదు. నగరాలు మారిస్తే ఒక ఆకారం, లెక్క కట్టే పద్ధతి మారిస్తే ఇంకో ఆకారం.

పద్ధతిలో ఒక చిక్కుంది. ఒకే రోజు ఊళ్లో పదేళ్ల పిల్లాడికీ, ముప్పై ఏళ్ల వాడికీ, అరవై ఏళ్ల ముసలాయనకూ ఫొటోలు తీసి, "ఈ పిల్లాడి జీవితం ఇలా సాగుతుంది" అంటే ఒప్పుకుంటారా? ముసలాయన పుట్టిన కాలం వేరు, తిన్న తిండి వేరు. బంగ్లాదేశ్, మలేషియా, జర్మనీలను ఒకే గీత మీద పేర్చి, బంగ్లాదేశ్ రేపు జర్మనీ అవుతుందనడం కూడా అలాంటిదే. జర్మనీ ఎదిగినప్పుడు తన మురికి పనుల్ని అప్పగించడానికి వేరే దేశాలు దొరికాయి. బంగ్లాదేశ్ ఎవరికి అప్పగించాలి?

కాబట్టి 8,000 అనే అంకెను బట్టీ పట్టొద్దు.

మరి ధనిక దేశాలు శుభ్రపడ్డాయి కదా, అదెలా?

నిజమే, శుభ్రపడ్డాయి. కానీ ఎలా శుభ్రపడ్డాయో ఒక్కొక్కటిగా చూడండి.

లండన్‌లో 1952 డిసెంబరు 5 నుంచి 9 దాకా బొగ్గు పొగ, పొగమంచు కలిసి ఊరిని కప్పేశాయి. అప్పటి లెక్కల ప్రకారమే 4,000 మంది పోయారు. తర్వాతి అంచనాలు 12,000 దాకా చెబుతాయి. బ్రిటన్ అప్పటికే ధనిక దేశం, వందేళ్లుగా ఆ పొగలోనే ఉంది. పొగను తగ్గించింది 1956 నాటి చట్టం. దానికి ముందు ఆ శవాలు కావాల్సి వచ్చాయి.

అమెరికాలో 1969 జూన్‌లో ఒహాయో రాష్ట్రంలోని కయహోగా నది మీద తేలే నూనెకు నిప్పంటుకుంది. నది మండటం అంతకుముందు కూడా జరిగింది, ఎవరూ పట్టించుకోలేదు. ఈసారి దేశమంతా మాట్లాడింది. 1970లో స్వచ్ఛ వాయు చట్టం, పర్యావరణ సంస్థ రెండూ వచ్చాయి. అప్పట్నుంచి ఇప్పటిదాకా అక్కడ ఆరు ప్రధాన వాయు కాలుష్యాలు కలిపి మూడొంతులకు పైగా తగ్గాయి, ఆర్థిక వ్యవస్థ మాత్రం మూడు రెట్లు దాటి పెరిగింది. శుభ్రం చేస్తే ఎదుగుదల ఆగిపోతుందనేవాళ్లకు నేనిచ్చే జవాబు ఈ లెక్కే.

జపాన్ కథ మరీ చేదు. మినమాటా అనే ఊళ్లో చిస్సో రసాయన కర్మాగారం పాదరసం కలిసిన నీళ్లను సముద్రంలోకి వదిలింది. పిల్లులు తూలిపడి చచ్చాయి, తర్వాత మనుషుల వంతు. 1956 మేలో రోగం అధికారికంగా నమోదైంది. దానికి కారణం ఆ కర్మాగారమేనని ప్రభుత్వం ఒప్పుకుంది 1968 సెప్టెంబరులో, అంటే పాదరసం వాడే పద్ధతిని కంపెనీ పక్కన పెట్టిన నాలుగు నెలల తర్వాత. ఆ పన్నెండేళ్లూ జపాన్ ఆదాయం పరుగులు తీస్తూనే ఉంది. 1967లో కాలుష్య నియంత్రణ చట్టం తెచ్చినా, పర్యావరణ రక్షణ ఆర్థికాభివృద్ధితో పొసగాలని అందులో ఒక వాక్యం పెట్టారు. జనం గొడవ చేశాక, 1970లో పార్లమెంటు ఒకే సమావేశంలో 14 చట్టాలు చేసి ఆ వాక్యాన్ని కొట్టేసింది. నా లెక్కలో జపాన్‌కు మలుపు అక్కడ తిరిగింది.

చైనా ధనిక దేశం కాకముందే గాలి బాగు చేసుకుందంటారు, నిజమేనా?

చాలా వరకు నిజం. 2013 జనవరిలో బీజింగ్‌లో ఎదుటి భవనం కనపడని స్థితి. ఆ ఏడాది అక్కడ పీఎం 2.5, అంటే ఊపిరితిత్తుల లోతుకు చేరే సన్నని నలుసుల సగటు ఘనపు మీటరుకు 89.5 మైక్రోగ్రాములు. 2021కి అది 33కి దిగింది. మధ్యలో జరిగింది ఏమిటంటే: 2013 సెప్టెంబరులో కార్యాచరణ ప్రణాళిక, 2014 మార్చిలో ప్రధాని లీ కచియాంగ్ కాలుష్యంపై యుద్ధం ప్రకటించడం, చుట్టుపక్కల పాత కొలుములు మూయించడం, ఇళ్లలో బొగ్గు బదులు గ్యాసు, కరెంటు. కొన్ని ఊళ్లలో గ్యాసు అందకముందే బొగ్గు ఆపేయడంతో 2017 చలికాలంలో జనం వణికిపోయారు, ఆ సంగతి కూడా చెప్పాలి. ఇక కార్బన్ డయాక్సైడ్‌లో చైనా ఒక్కటే అమెరికా, యూరోపియన్ యూనియన్ రెండూ కలిపినదానికన్నా ఎక్కువ వదులుతోంది.

మన దగ్గర థర్మల్ కేంద్రాల పొగలోంచి సల్ఫర్ తీసే యంత్రాలు రెండేళ్లలో పెట్టాలని 2015 డిసెంబరులో నిబంధన వచ్చింది. గడువు ఒకటికి నాలుగుసార్లు జరిగి, 2025 జూలైలో చాలా కేంద్రాలకు ఆ బాధ్యతే తీసేశారు. మన బొగ్గులో గంధకం తక్కువ, గాలిలో మోతాదు పరిమితిలోనే ఉంది అన్నది ప్రభుత్వ వాదన. ఆదాయం పెరిగిన పదేళ్లలో నిబంధన సడలింది. ఇది ఏ గీతలోకీ ఇమడదు.

వాళ్లు మురికి పనులు మనకు అప్పగించి శుభ్రంగా కూర్చున్నారా?

ఇందాకటి రైస్ మిల్లు ఇక్కడికే వచ్చింది. కొంత నిజం, కొంత అతిశయం. ఎక్కువ పరిశ్రమలకు కాలుష్య నియంత్రణ ఖర్చు మొత్తం ఖర్చులో చిన్న భాగమే. కేవలం దానికోసం ఫ్యాక్టరీని ఇంకో దేశానికి మోసుకుపోరు. కూలి, మార్కెట్, రేవు, కరెంటు చూస్తారు. కానీ కొన్ని రంగాల్లో ఈ వలస కళ్లకు కడుతుంది.

హైదరాబాద్ నుంచి ముంబై రోడ్డు మీద వెళ్లేవాళ్లకు పటాన్‌చెరు వాసన గుర్తుండే ఉంటుంది. ఒకప్పుడు బస్సు ఆ దగ్గరికి రాగానే నిద్రపోతున్న వాళ్లు కూడా లేచి కిటికీలు మూసేవాళ్లు. అక్కడి మందుల పరిశ్రమల వ్యర్థ జలాలు ఒక ఉమ్మడి శుద్ధి కేంద్రానికి వెళ్తాయి. స్వీడన్ పరిశోధకులు 2007లో ఆ కేంద్రం వదిలిన, అంటే శుద్ధి అయిన తర్వాతి నీళ్లను పరీక్షించి ప్రచురించారు. సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉంది. మాత్ర వేసుకున్న రోగి రక్తంలో ఉండేదానికన్నా అది ఎన్నో రెట్లు ఎక్కువ. ఆ చుట్టుపక్కల నీళ్లు నక్కవాగులోకీ, వాగు మంజీరలోకీ పోతాయి. అక్కడ తయారైన మందులు యూరప్‌కూ అమెరికాకూ వెళ్తాయి. స్వీడన్‌లో మాత్ర చవక, నదులు శుభ్రం. మాత్ర ధరలో నక్కవాగు లెక్క లేదు.

తీరంలో రొయ్య కూడా అంతే. మన రొయ్యలకు పెద్ద కొనుగోలుదారు అమెరికా. డాలర్లు గోదావరి జిల్లాలకు వస్తాయి, రొయ్యల చెరువుల ఉప్పు పక్క పొలంలోకి, బావిలోకి దిగుతుంది. 2002లో రామ్‌సర్ అనే అంతర్జాతీయ చిత్తడి నేలల జాబితాకెక్కిన కొల్లేరులో చేపల చెరువుల గట్లను 2006లో ప్రభుత్వమే పేల్చివేయించాల్సి వచ్చింది. ఆ తర్వాత చాలాచోట్ల చెరువులు మళ్లీ లేచాయి.

చెత్త సంగతి చెప్పాలంటే, 2018లో చైనా ప్లాస్టిక్ చెత్త దిగుమతి ఆపేయగానే ధనిక దేశాల కంటెయినర్లు మలేషియా లాంటి చోట్లకు దారి మళ్లాయి.

అడవులకూ ఇదే వర్తిస్తుందా?

కోస్టారికాలో 1980లలో పావు వంతుకు పడిపోయిన అడవి ఇప్పుడు దేశంలో సగం దాటింది. 1996 చట్టంతో, పెట్రోలు, డీజిలు మీద వేసిన పన్నులో కొంత తీసి, అడవిని ఉంచుకున్న రైతులకు ఏటా చెల్లిస్తున్నారు. గొడ్డుమాంసం ఎగుమతి గిట్టుబాటు కాకుండా పోవడం కూడా కలిసొచ్చింది. బ్రెజిల్ అమెజాన్‌లో 2004లో 27,772 చదరపు కిలోమీటర్లు నరికారు, 2012కి అది 4,571కి తగ్గింది. ఉపగ్రహాలతో నిఘా, జరిమానాలు, నరికిన చోట అప్పు ఇవ్వకపోవడం పనిచేశాయి. పాలకులు పట్టు సడలించాక 2021లో మళ్లీ 13,000 దాటింది. అడవి ప్రభుత్వాన్ని అనుసరించింది, ఆదాయాన్ని కాదు.

పేదరికమే అన్నిటికన్నా పెద్ద కాలుష్యం అని ఇందిరాగాంధీ అన్నారా?

1972 జూన్‌లో స్టాక్‌హోమ్‌లో జరిగిన ఐక్యరాజ్యసమితి పర్యావరణ సదస్సులో, పేదరికం, అవసరం అన్నిటికన్నా పెద్ద కాలుష్యకారకాలు కావా అని ఆమె ప్రశ్నించిన మాట నిజం. నీళ్లు, తిండి లేనివాళ్లకు సముద్రాల శుభ్రత గురించి చెప్పలేమన్నది ఆ ప్రసంగంలో ఆవిడ ఆవేదన. దాన్ని ఇప్పుడు ఫ్యాక్టరీ అనుమతుల వాదనలో వాడుకోవడం చూస్తే నాకు నవ్వొస్తుంది. అదే ప్రధాని హయాంలో 1974లో జల కాలుష్య చట్టం, 1981లో వాయు కాలుష్య చట్టం వచ్చాయి.

కార్బన్ తగ్గిస్తూ ఆదాయం పెంచుకున్న దేశం ఉందా?

ఉంది. బ్రిటన్‌లో 1990తో పోలిస్తే ఉద్గారాలు సగానికి తగ్గాయి. 1882లో బొగ్గు కరెంటు మొదలుపెట్టిన ఆ దేశం 2024 సెప్టెంబరు 30న చివరి బొగ్గు విద్యుత్ కేంద్రాన్ని మూసేసింది. వాళ్లు దిగుమతి చేసుకునే వస్తువుల తయారీలో వెలువడిన కార్బన్‌ను కూడా కలిపితే తగ్గుదల చిన్నదవుతుంది, కానీ తగ్గుదలే.

ముందు ఎదుగుదాం, తర్వాత శుభ్రం చేసుకుందాం అంటే తప్పేమిటి?

కొన్ని శుభ్రం కావు. మినమాటా సముద్రపు బురద తీయడం 1977లో మొదలై 1990కి ముగిసింది. విషం పట్టిన చేపలు బయటికి పోకుండా ఆ ఊరి అఖాతం నోటికి అడ్డంగా కట్టిన వల 1974 నుంచి 1997 దాకా ఉంది. ఇరవై మూడేళ్లు సముద్రానికి కంచె! అప్పుడు పుట్టుకతోనే రోగం సోకిన పిల్లలకు ఎవరు ఏం తిరిగి ఇస్తారు?

డబ్బు లెక్క కావాలంటే అదీ ఉంది. 2009లో భారత్‌కు పర్యావరణ నష్టం 3.75 లక్షల కోట్ల రూపాయలని, అది జీడీపీలో 5.7 శాతమని 2013లో ప్రపంచ బ్యాంకు అంచనా వేసింది. ఏడాది పొడుగునా సంపాదించామని చెప్పుకునే పెరుగుదలలో పెద్ద ముక్క ఆసుపత్రి బిల్లుల్లోకీ, చవిటి నేలల్లోకీ పోతోందన్నమాట.

హైదరాబాద్ ఇంత సంపన్నమైంది, చెరువులు ఎందుకు బాగుపడలేదు?

ధనవంతులయ్యాక జనం శుభ్రమైన పర్యావరణం కోరుకుంటారన్నది గీతకు పునాది. కోరుకుంటారు, కానీ దాన్ని కొనుక్కునే వీలుంటే కొనుక్కుంటారు. ఇంట్లో ఆర్వో యంత్రం, పడగ్గదిలో గాలి శుద్ధి యంత్రం, గేటెడ్ కమ్యూనిటీలో పచ్చిక. అవి ఉన్నవాళ్లు మూసీ గురించి ధర్నా చేయరు.

1908 వరద తర్వాత కట్టిన గండిపేట, హిమాయత్‌సాగర్‌ల చుట్టూ 10 కిలోమీటర్ల మేర, 84 గ్రామాల్లో నిర్మాణాలను కట్టడి చేస్తూ 1996లో 111 జీవో వచ్చింది. నగరం అటు పెరిగింది, ఎకరం ధర కోట్లకు వెళ్లింది. నగరం ఇప్పుడు ఆ నీళ్ల మీద ఆధారపడటం లేదంటూ 2022 ఏప్రిల్‌లో 69 జీవోతో ఆ ఆంక్షలు ఎత్తేస్తున్నట్టు ప్రకటించారు. ఆ గ్రామాల రైతులది కూడా న్యాయమైన బాధే: పక్క ఊరివాడి భూమి కోట్లు పలుకుతుంటే తనది కదలదు. కానీ కొత్త సంపద చెరువు వైపు కాక స్థలం వైపు మొగ్గిందన్నది మనం చూస్తున్నదే.

పౌర హక్కులు, అక్షరాస్యత మెరుగ్గా ఉన్నచోట, ముఖ్యంగా పేద దేశాల్లో, గాలి, నీరు కూడా మెరుగ్గా ఉంటాయని 1998లో టొరాస్, బోయ్స్ అనే పరిశోధకులు చూపించారు. గోల చేయగలిగినవాళ్లూ, ఆ గోల వినక తప్పనివాళ్లూ ఎంతమంది అన్నదే నాకు తెలిసి అసలు లెక్క.

పరీక్షలో ఏం రాయాలి?

గీత గీయండి, మూడు కారణాలు రాయండి, సల్ఫర్‌కూ కార్బన్‌కూ తేడా చూపండి, ఒక దేశం ఉదాహరణ ఇవ్వండి. "సాధించవచ్చు, అయితే సమతుల్యత అవసరం" అని ముగించకండి. దిద్దేవాళ్లకు అది చదివి చదివి విసుగొచ్చింది. దిద్దేవాళ్లలో నేనూ ఒకణ్ని.

మా ఊరి గాలి ఎటు పోతోందో నేనే తెలుసుకోవచ్చా?

కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి సమీర్ యాప్‌లో చూడొచ్చు. ఒక్క రోజు అంకె చూసి కంగారు పడొద్దు, మురిసిపోవద్దు. చలికాలంలో పెరుగుతుంది, వానలకు తగ్గుతుంది. ఏడాది సగటును పోయినేటి సగటుతో పోల్చండి. పీఎం 2.5కి మన దేశపు వార్షిక పరిమితి 40 మైక్రోగ్రాములు, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో పెట్టింది 5. ఒకే గాలి ఒక లెక్కలో పాస్, ఇంకో లెక్కలో ఫెయిల్. ఇంకొక సంగతి, కొలిచే యంత్రం మీ ఊళ్లో ఎక్కడుందో కనుక్కోండి. పార్కులో చెట్ల మధ్య పెట్టినదానికీ, బస్టాండు ఎదురుగా పెట్టినదానికీ అంకెల్లో చాలా తేడా వస్తుంది.